రోడ్డు మీంచి పట్టని గది

పంటు కదలడం లేదు. మంచిదే. అది కదలనంతసేపూ నాకు టైమున్నట్టే. ముందు చూస్తే ముక్తేశ్వరం గట్టు, వెనక్కి తిరిగితే కోటిపల్లి గట్టు, మధ్యలో నీళ్ళ కింద ఎవరికీ కనబడని ఇసుకమేట, దాని మీద పీటేసుకుని భోజనానికి కూర్చున్నట్టు కూర్చున్న, జనాన్నీ బళ్ళనీ రేవు దాటించే మా పంటు, పంటు మీద ఒక జీపు, ఇటుకల ట్రాక్టరు, నాలుగైదు స్కూటర్లు, తట్టల వాళ్ళు, గొడుగుల వాళ్ళు, రైలింగు పక్కన చెక్కబల్ల మీద నేను, నా ఒళ్ళో తోలు సంచీ. సరంగు పాపారావు గారు ఇంజను ఆపేసి బీడీ ముట్టించి, పోటు రావాలండి, కంగారు పడకండి, గోదారి ఎక్కడికీ పోదండి అన్నారు. పోదు నిజమే. వెళ్ళిపోయేది టైమే. సంచీలో ఒక కెమెరా, మూడు లెన్సులు ఉన్నాయి, వాటిలో ఒక్కటి నాది, మిగతా రెండూ అవతలి గట్టు మీద స్టూడియో సూరిబాబు చేతిలో పెట్టాలి, ఏది నాదో గట్టు తగిలేలోగా తేలాలి. తేలాలి అనడం కూడా తప్పే. మా ఆయన రాజేంద్రప్రసాద్ గారు నిన్న సాయంత్రమే తేల్చేశారు, ఫోన్లో, నేను వంటింట్లో పులుసులో బెల్లం వేస్తుండగా. ఆయ్, పెద్దదే ఉంచుకుంటాదండి, చిన్నవి రెండూ మీరు తీసేసుకోండి అని. ఎవరు ఉంచుకుంటారో ఆ మనిషి గరిటెతో సహా పది అడుగుల దూరంలో ఉంది. పిలిస్తే వచ్చేది.

అసలు మూడూ ఎందుకు నావి కాకూడదు అంటే అది మా మేనమామ పెట్టిన షరతు. సూర్యప్రకాశరావు మామయ్య రామచంద్రపురంలో కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాడు, ఇప్పుడు రెండు కళ్ళలోనూ చూపు పల్చబడింది, ఎదుట నిలబడ్డది నేనో మా అమ్మో గొంతు విని గానీ చెప్పలేడు. ఆ కెమెరా ఆయన కుర్రతనంలో కాకినాడ రేవులో దిగిన రష్యా నావికుడి దగ్గర, రెండు జతల తోలు చెప్పులూ ఒక అరటిగెలా ఇచ్చి పుచ్చుకున్నది. ఎవరు ఎవర్ని మోసం చేశారో ఇప్పటికీ తెలీదు అంటాడు. మొన్న ఫోన్లో అన్నమాటే ఇవాళ పొద్దున్న సంచీ నా చేతిలో పెట్టి మళ్ళీ, కెమెరా లోపల వెలుతురు ఆపే తెరగుడ్డకి చిల్లులు పడ్డాయే, ఫోటోలో నక్షత్రాలొస్తున్నాయి, సూరిబాబు బాగుచేసిస్తాడు, బదులుగా రెండు లెన్సులు అతనికిచ్చెయ్, ఒక్కటి ఉంచుకో, ఒక్కటే అన్నాడు. మూడూ ఉంటే నాలాగే అయిపోతావే. మీ అమ్మ పెళ్ళిలో నేను లెన్సు మారుస్తుండగా తలంబ్రాలు అయిపోయాయి. అది నిజం. మా అమ్మా నాన్నల ఆల్బంలో తలంబ్రాల ఫోటో లేదు, అందరూ తలల్లోంచి బియ్యపుగింజలు ఏరుకుంటున్న ఫోటో మాత్రం ఉంది. చిన్నప్పుడు నేను పెళ్ళంటే అదే అనుకునేదాన్ని, జనం కూర్చుని ఒకళ్ళ తల ఒకళ్ళు చూసుకునే కార్యక్రమం.

మూడింటినీ ఒళ్ళో పరిచి చూస్తే పెద్దది పచ్చళ్ళ పొత్రమంత ఉంది, బరువు కూడా అంతే, దాని మీద నూట ముప్పై అయిదు అని చెక్కి ఉంటుంది. ఎక్కడో దూరాన్నున్నదాన్ని లాక్కొచ్చి ముందు పెడుతుంది. మధ్యది యాభై, చూపుకి మర్యాదస్తుడిలా ఉంటుంది. చిన్నది ముప్పై అయిదు, నా అరచేతిలో ఉసిరికాయ జాడీ మూతలా ఇమిడిపోతుంది, ముందు ఏమీ లేదు గానీ వెనకవైపు గాజు మాత్రం ఉబ్బి కెమెరా కడుపులోకి దూరుతుంది. గదిలో ఎంతమంది ఉన్నా అంతమందినీ పడుతుంది, కాకపోతే నువ్వు కూడా గదిలోకెళ్ళాలి. ఈ కెమెరాకి ఇంకో గమ్మత్తుంది. మనం చూసేది లెన్సులోంచి కాదు, పక్కనున్న చిన్న కిటికీలోంచి. ఆ కిటికీ యాభైకి సరిపడా కోసిన కిటికీ. పెద్దది తగిలించి చూస్తే కిటికీలో ఊరంతా కనిపిస్తుంది, ఫోటోలో మధ్యనున్న ముక్క మాత్రమే పడుతుంది. చిన్నది తగిలిస్తే కిటికీలో కనిపించిన దానికంటే ఫోటోలో ఎక్కువ పడుతుంది, నువ్వు చూడని వాళ్ళు కూడా అంచుల్లో వచ్చి నిలబడతారు. చిన్నదానికని విడిగా ఒక కిటికీ ఉండేది గానీ మామయ్య దాన్ని కాశీలో పారేసుకున్నాడు. అక్కడ వదిలిపెట్టాల్సింది కాయో పండో అయితే, నువ్వు కిటికీ వదిలొచ్చావా అని అత్తయ్య ఇప్పటికీ అంటుంది.

ఆ కిటికీలో మనిషి ముందు ఇద్దరుగా కనబడతాడు, ఒకడు గట్టిగా, ఒకడు పల్చగా పక్కకి జరిగి. రింగు తిప్పుతూ పోతే పల్చటివాడు జరిగి జరిగి గట్టివాడిలో కలిసిపోతాడు, అప్పుడు నొక్కాలి. మా ఆయన అదిగో, స్కూటరు సీటు మీద జేబురుమాలు పరుచుకుని కూర్చున్నారు, మెడ కాలుతోందని కాలరు పైకి లేపుకున్నారు. కిటికీ పెట్టి చూస్తే ఆయనా ఇద్దరే. ఒకాయన నేను అడక్కుండానే మామయ్య ఊరికి సెలవు పెట్టి తీసుకొచ్చి, దారంతా సంచీ తన కాళ్ళ మధ్య పెట్టుకుని గుంతలొచ్చినప్పుడల్లా చేత్తో పట్టుకున్న మనిషి. రెండో ఆయన అరుగు మీద వాళ్ళమ్మ గారి ఎదురుగా కూర్చునే మనిషి. పెళ్ళైన దగ్గర్నుంచీ రింగు తిప్పుతున్నాను. కలుస్తారు, కలవక పోరు, కాకపోతే ఇంట్లో కన్నా ఇలా నీళ్ళ మీద తొందరగా కలుస్తారు.

పెద్దదే ఎందుకండీ అని పొద్దున్న కోటిపల్లి రేవులో అడిగాను. ఆయన నాకేసి చూడకుండా టిక్కెట్టు చింపుకుంటూ, అదైతే ఆదివారం గొడవుండదు అన్నారు. ఆదివారం నాగమణి కొత్తింటి గృహప్రతిష్ఠ. గొడవ అంటే అది.

నాగమణీ నేనూ అమలాపురంలో బీఏ ఒకే బెంచీ మీద కూర్చుని చదివాం, ఎకనామిక్సు నోట్సు దానిది, సినిమా టిక్కెట్ల కోసం ఇంట్లో చెప్పే అబద్ధాలు నావి. పెళ్ళయి నేనొచ్చి పడిందీ దాని ఊళ్ళోనే. దానికి పుట్టిల్లు, నాకు అత్తిల్లు. పంచాయతీ బోరింగు దగ్గర రోడ్డు రెండుగా చీలితే ఎడమవైపు మా వీధి, కుడివైపు వాళ్ళ పేట. ఇప్పుడు అది హైస్కూల్లో సోషల్ టీచరు. బస్సులో ఎదురైతే ఒసే విజయా అంటుంది, మా అరుగు దగ్గరికొచ్చి నిలబడితే విజయదుర్గ గారున్నారాండీ అంటుంది. రెండూ ఒకే నోట్లోంచి వస్తాయి, మధ్యలో బోరింగు మాత్రం ఉంటుంది. మా అత్తగారు సూర్యకాంతం గారికి టీచరు గారంటే గౌరవం. రండి టీచరు గారూ అని కుర్చీ తెప్పిస్తారు, అరుగు మీదికే. కాఫీ ఇప్పిస్తారు, గులాబీ పువ్వుల గాజుగ్లాసులో. ఆ గ్లాసు వంటింటి గూట్లో కాదు, వసారా కిటికీలో బోర్లించి ఉంటుంది, ఇంకెవరికీ వాడరు. ఒకసారి కాఫీ తాగుతూ నాగమణి నాకు మాత్రమే వినపడేలా, మీ ఇంట్లో అందరికీ ఉత్త స్టీలేనే, నాకొక్కదానికే పువ్వుల గ్లాసు, మర్యాదంటే మీదే అంది. నాకు పొరమారింది. కాఫీ తాగుతున్నది అది, పొరమారింది నాకు.

మా వాళ్ళు వాళ్ళ ఫంక్షన్లకి వెళ్ళరని కాదు. పిలిస్తే తప్పకుండా వెళతారు. నాగమణి పెళ్ళికి వెళ్ళాం, చర్చి బయట షామియానా చివర మా వీధి వాళ్ళకని వరసగా కుర్చీలు వేశారు, మూత తియ్యని డ్రింకు సీసాలు తెచ్చి ఎదురుగానే ఓపెనరుతో తీసిచ్చారు, తలొక అరటిపండు ఇచ్చారు. మా వాళ్ళు తాకేవి మూతలున్నవీ తొక్కలున్నవీ. వాళ్ళకీ తెలుసు, వీళ్ళకీ తెలుసు, ఒక్క మాట ఎవరూ అనలేదు, అందరూ నవ్వుతూనే ఉన్నారు, సీసా ఖాళీ చేసి చదివింపులు ఇచ్చి వచ్చేశాం. లోపల భోజనాల దగ్గర నాగమణి తెల్లచీరలో కూర్చుని ఉంది, దూరం నుంచి నేను చెయ్యి ఊపాను, అదీ ఊపింది. ఆ చెయ్యి ఊపడం నాకు బాగా గుర్తు. రైలెక్కిన వాళ్ళకి ఊపినట్టు.

ఇప్పుడు ఇల్లు కట్టుకుంది, రెండు గదులూ హాలూ, మేడ లేదు. కిందటివారం బస్సులో నా పక్కన కూర్చుని, ఆదివారం ఫోటోలు నువ్వే తియ్యాలే అంది. సూరిబాబు ఉన్నాడుగా అన్నాను. సూరిబాబు అయితే లైట్లు పెట్టి అందరి మొహాలూ పిండి రాసినట్టు తీస్తాడు, పైగా మా నాన్న గదిలోకి స్టాండుతో సహా పట్టడు అంది. వాళ్ళ నాన్న దేవసహాయం గారు కిందటేడాది నుంచీ మంచం మీదే. ఆయన గదిలో పాస్టరు గారు ప్రార్థన చేస్తారు, అప్పుడు మంచం చుట్టూ పిల్లలూ మనవలూ అందరూ నిలబడతారు, ఆ ఫోటో కావాలి దానికి. గది ఎంతుందంటే, మంచం వేశాక తలుపు పూర్తిగా తెరుచుకోదు. దేవసహాయం గారు మా కొబ్బరితోటలో దింపు తీసేవారు, నేను కాపురానికొచ్చేటప్పటికి ఇంకా చెట్లెక్కుతూనే ఉన్నారు, మా తోటలో ఆయన ఎక్కని చెట్టు లేదు. మా అరుగుకి మెట్లు నాలుగు. ఆయన ఎక్కనివి అవే. పెరటివైపు గుమ్మం దగ్గర నిలబడి, అమ్మగారూ లెక్క చూసుకోండి అని కాయలు కుప్ప పోయించి వెళ్ళేవారు, ఒంటి నిండా తాడు రాసుకున్న గీతలు. ఆయన మొహం నేను సరిగ్గా చూసిందీ లేదు, కింద నుంచి చూస్తే చెట్టు మీద కాళ్ళు కనిపించేవి, పెరట్లో ఉన్నప్పుడు తలపాగా కనిపించేది.

నాగమణి పిలిచిందని రాత్రి అన్నాల దగ్గర చెప్పాను. అత్తగారు మజ్జిగ పోసుకుంటూ, వెళ్ళు, పిలిచినప్పుడు వెళ్ళకపోతే బాగోదు, గుమ్మం దగ్గర రెండు ఫోటోలు తీసి వచ్చెయ్యి అన్నారు. మా ఆయన ఆలోచించారు. ఆయన ఆలోచిస్తే కంచంలో వేళ్ళతో గీతలు గీస్తారు. గీసి గీసి, మామయ్య దగ్గర పెద్ద లెన్సుంది కదా, అదైతే రోడ్డు మీంచే ఇల్లంతా తీసేయొచ్చు, వెళ్ళలేదన్న మాట రాదు, వెళ్ళేవన్న మాటా రాదు అన్నారు. అత్తగారు కొడుకు తెలివికి మురిసి ఇంకో గరిటె పెరుగు వేశారు. నాకూ మెచ్చుకోవాలనిపించింది, నిజంగా. ఇన్ని తరాలుగా కుర్చీలతోనూ సీసాలతోనూ అరటిపళ్ళతోనూ కష్టపడి నడుపుకొస్తున్న వ్యవహారాన్ని ఈయన ఒక్క గాజుముక్కతో సర్దేశారు. రష్యావాడు అది చేసేటప్పుడు పక్షుల కోసమో పర్వతాల కోసమో అనుకుని ఉంటాడు. మా ఊరి బోరింగు కోసం అనుకుని ఉండడు.

ఆ మాట మర్నాడు నాగమణికి చెప్పాను, నవ్వుతుందేమోనని. నవ్వలేదు. బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ, రోడ్డు మీంచి తీస్తే ఇల్లొస్తుందే, నాకు కావలసింది ఇల్లు కాదు, గది అంది. రాలేకపోతే మానెయ్యి, నేనేం అనుకోను, రోడ్డు మీంచి మాత్రం తియ్యకు అంది. ఆ తరవాత స్కూలు స్టాపు రాగానే దిగిపోయింది, చెయ్యి ఊపలేదు.

పాపారావు గారు నీళ్ళలోకి గెడ దించి చూశారు. ఇంకా లేదండి అన్నారు. ఎండ తెల్లగా ఉంది, ఇటుకల ట్రాక్టరు డ్రైవరు ట్రాలీ కింద నీడలో పడుకున్నాడు. పెద్దదాని సంగతి నాకు తెలియక కాదు. తొంభై ఆరు తుపాను అయ్యాక మామయ్య కెమెరా పంపించాడు, ఎవరో ఒకరు తీసి ఉంచాలే అని. అప్పుడు తగిలించి పంపింది ఇదే. నేను డాబా ఎక్కి రీలంతా తీశాను, ఎందుకంటే డాబా దిగి వెళ్ళే పని నాకు లేదన్నారు, బయట మగవాళ్ళు ఉన్నారు, ఆఫీసర్లు వస్తున్నారు, చెట్లు లెక్కెడుతున్నారు. రీలు కడిగించి చూస్తే మొవ్వులు విరిగిన కొబ్బరిచెట్లు, మొవ్వులు విరిగిన కొబ్బరిచెట్లు, మళ్ళీ అవే, పళ్ళు పోయిన దువ్వెనల్లాగ. ఒక ఫోటోలో దూరంగా ఒకావిడ కూలిపోయిన పాక ముందు నిలబడి ఉంది, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, లెన్సు ఆవిడని నా ముందుకి లాక్కొచ్చింది గానీ ఆవిడ నన్ను చూడలేదు, నేను తీస్తున్నానని ఆవిడకి తెలీదు. తెలిస్తే ఏమనేదో. తియ్యి అనేదో, పో అనేదో. దూరం నుంచి తీస్తే ఎవ్వరూ కాదనరు. కాదనడానికి వాళ్ళకి నువ్వు కనబడాలి కదా. అంత మంచి సదుపాయం ఇంకే లెన్సులోనూ లేదు, అందుకే నాకిది వద్దు. ఆ రీల్లో పూర్తిగా నల్లగా వచ్చినవి కూడా ఉన్నాయి, ముందు మూత తియ్యకుండా తీసినవి. ఈ కెమెరాలో అదొకటి, లెన్సుకి మూతుందో లేదో కిటికీలో తెలీదు, లోకం అంతా బాగానే కనిపిస్తూ ఉంటుంది, నొక్కుతూ పోవచ్చు. మా ఊళ్ళో చాలామంది అలాగే నొక్కుతూ పోతున్నారు.

మధ్యదైతే సూరిబాబు ఓటు దానికే. నాకని కాదు, లోకంలో ఎవరికైనా. అమ్మగారూ, యాభై అంటే కంటికి కనిపించినట్టు వస్తాదండి అంటాడు. కంటికి కనిపించినట్టు చూడ్డానికి కళ్ళున్నాయి, కెమెరా ఎందుకు. అదీగాక దానికి మా ఇంట్లో ఒక సంస్కారం జరిగింది. ఇంకోసారి కెమెరా నా దగ్గరున్నప్పుడు దసరా వచ్చింది. మా అత్తగారు కత్తిపీటకీ కొబ్బరికోరుకీ గ్రైండరుకీ స్కూటరుకీ గంధం రాసి కుంకం బొట్లు పెడుతూ పెడుతూ, అల్మారాలో కెమెరా కూడా పనిముట్టే కదా అని దానికీ పెట్టారు. ఎక్కడ పెట్టాలి, నుదురెక్కడో తెలీలేదు, గుండ్రంగా కన్నులా ఉన్నచోట నట్టనడుమ పెట్టారు. మూడోరోజు నేను చూసి తుడిస్తే బొట్టు పోయింది, బొట్టు కింద గాజుకున్న ఊదారంగు పూత కూడా బొట్టంత మేరా పోయింది. అప్పట్నుంచీ దాంతో ఎవర్ని తీసినా మొహం దగ్గర సాంబ్రాణి పొగ వేసినట్టు వస్తుంది. అత్తగారి ఫోటో అలాగే వచ్చింది. చూసుకుని, అచ్చం దేవుడి పటంలా ఉంది, ఇలాగే తియ్యి అన్నారు. దేవసహాయం గారి మొహం మీద నేను పొగ వెయ్యను. ఆయన మొహం నేను మొదటిసారి చూడబోతున్నాను.

అంటే ఎప్పుడో తేల్చేసుకున్నాను అన్నమాట. ఇంతసేపూ తేల్చుకుంటున్నట్టు నాకు నేనే నటిస్తున్నాను. మిగిలింది చెప్పడం. చెప్పడం అంటే ఇక్కడ కాదు, ఇక్కడ చెబితే ఆయన, సరే ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం అంటారు, ఇంటికెళ్ళి మాట్లాడుకోవడం అంటే ఏమిటో నాకు తెలుసు, కంచంలో గీతలు. ఆయన సూరిబాబుకి మాటిచ్చేశారు. మాట ఇచ్చింది ఆయన, లెన్సు ఉంచుకునేది నేను. అయినా చేతులు చల్లబడుతున్నాయి. నలభై దగ్గర పడుతున్న మనిషిని, డిగ్రీ ఉంది, ఆవకాయలో కారం ఎంత పడాలో ఊరంతా నన్నే అడుగుతారు, ఒక జాడీ మూతంత గాజుముక్క నాది అనడానికి చేతులు చల్లబడడం ఏమిటి.

చిన్నదాన్ని బిగించాను. రీల్లో మామయ్య వదిలినవి కొన్ని మిగిలే ఉన్నాయి, తెర చిల్లుల వల్ల నక్షత్రాలు పడితే పడనీ. లేచి నిలబడ్డాను. ట్రాక్టరు పక్కన ఒకావిడ తాటిముంజెల తట్ట ముందు పెట్టుకుని కాయలు చెక్కుతోంది, మోచేతుల దాకా నీళ్ళు కారుతున్నాయి. కిటికీలో చూస్తే ఆవిడ ఎక్కడో ఉంది. దగ్గరికెళ్ళాను. ఇంకా ఎక్కడో ఉంది. ఇంకా దగ్గరికెళ్ళాను. ఇద్దరావిడలు జరిగి జరిగి ఒక్కావిడ అయ్యేసరికి చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఉన్నాను, అంతకంటే దగ్గరైతే ఈ కెమెరాకి కూడా చూపానదు. ఆవిడ కత్తి ఆపి తలెత్తింది.

"ఏంటమ్మా, మొకం మీదెట్టేసేవు."

తీసుకోనా అని అడిగాను. అడగడం అదే మొదటిసారి అని అడిగాక తెలిసింది. ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసి, తీస్తే తియ్యి గానీ ఈ చెమట పోనీ అని కొంగుతో మొహం తుడుచుకుంది, తుడుచుకున్నాక నవ్వాలో వద్దో తెలీక బిగుసుకుంది, బిగుసుకున్న ఆ మొహం చూసి నాకే నవ్వొచ్చింది, నన్ను చూసి ఆవిడ నవ్వింది, నొక్కాను. లెన్సు చూపించమంది. విప్పి వెనకవైపు చూపిస్తే, ఓలమ్మా, ముంజిలాగే ఉందే అని తట్టలోంచి ఒకటి తీసి, పైపొర గోటితో ఒలిచి, నీళ్ళు చిందకుండా నా అరచేతిలో పెట్టింది. మా వాళ్ళ లెక్కలో ముంజె తినొచ్చు, దానికి తొక్కుంది. ఇప్పుడు లేదు. ఆవిడ వేళ్ళు తీసేశాయి. స్కూటరు మీంచి మా ఆయన చూస్తున్నారు. ఆయన కేసి చూస్తూనే నోట్లో వేసుకున్నాను. నీళ్ళు గెడ్డం మీంచి కారాయి, తుడుచుకోలేదు.

పంటు కదిలింది. ముందు అడుగున ఎక్కడో ఇసుక గరగరమంది, తరవాత ఒక పక్కకి ఒరిగింది, అందరూ ఏదో ఒకటి పట్టుకున్నారు, పాపారావు గారు ఇంజను వేశారు. నీరు ఎప్పుడు పెరిగిందో ఎవరం చూడలేదు, చూస్తూనే కూర్చున్నాం అయినా చూడలేదు. ముక్తేశ్వరం గట్టు మీద టీకొట్టు, టీకొట్టు ముందు మోపెడు, మోపెడు పక్కన సూరిబాబు, ఏదో పెళ్ళి ఫోటోలకి వచ్చాడు, మెడలో రెండు కెమెరాలు, చంకలో గొడుగు. దూరం నుంచే నమస్కారం పెట్టాడు, మా ఆయన చెయ్యెత్తారు. వాళ్ళిద్దరి మధ్య అంతా అయిపోయినట్టే ఉంది. దిగడానికి పంటు పలక దించారు, స్కూటర్లు ముందు దిగాయి, నేను సంచీ పట్టుకుని వెనక నడిచాను, చెప్పుల్లోకి ఇసుక వచ్చింది.

"తెండమ్మా, పెద్దది మీకు, చిన్నవి రెండూ నాకు. సారు చెప్పేరండి."

"సారు చెప్పేరండి. నేను చెప్పలేదు కదండీ."

సూరిబాబు సారు కేసి చూశాడు. సారు గోదారి కేసి చూశారు. ఆ సందులో నేను పెద్దదాన్ని తీసి అతని కుడిచేతిలో పెట్టాను, బరువుకి చెయ్యి కిందికి దిగింది, మధ్యదాన్ని ఎడంచేతిలో పెట్టాను. అతనికి నష్టమేం లేదు, హైదరాబాదులో పాత లెన్సులు పోగేసే ఆయనెవరో పెద్దదైతే కళ్ళకద్దుకుంటాడు. కాకపోతే సారు మాటకి ఎదురెళ్ళాలా వద్దా అని కాసేపు నసిగాడు. చిన్నదాంతో దగ్గిరకెళ్తే మొకాలు గుమ్మడికాయల్లాగొస్తాయండి, తరవాత నన్నంటారండి అన్నాడు. మా మొహాలే కదండీ, పర్వాలేదు అన్నాను. కెమెరా కూడా సంచీతో సహా ఇచ్చాను, ఆదివారానికి తెర బాగుచేసి తీరాలని చెప్పాను. ఇచ్చేముందు చిన్నదాన్ని విప్పి, రెండువైపులా మూతలు పెట్టి, కొంగు చివర వేసి ముడి కట్టి, ముడిని బొడ్లో దోపుకున్నాను. తాళంచెవులు దోపుకునేచోట. అక్కడి నుంచి తియ్యమని ఏ మగవాడూ అడగలేడు. సూరిబాబు తలవంచి, ఆయ్, అలాగేనండి అన్నాడు.

మా ఆయన చాలాసేపు స్కూటరు స్టార్టు చెయ్యలేదు. అద్దం తుడిచారు, తుడిచిందే తుడిచారు. నేను వెనక సీటెక్కి కూర్చున్నాను. బోల్తా పడిన నాటుపడవ కింద కుక్క ఒకటి నిద్రపోతోంది, దాని చెవి మాత్రం మా కేసి తిరిగి ఉంది.

"మరి ఆదివారం?" అన్నారు, అద్దంలోంచి.

"గదిలో ఉంటానండి. భోజనం కూడా అక్కడే. మీరూ రండి. పెద్దదాంట్లో మీకు చోటు లేదు గానీ, దీంట్లో మీరు కూడా పడతారు."

ఆయన ఒక కిక్కు కొట్టారు. ఇంకోటి కొట్టారు. అది స్టార్టవలేదని కాదు, ఆయన కాలు సరిగ్గా పడటం లేదు. తరవాత అడిగారు, చాలా నెమ్మదిగా, అమ్మకేం చెబుతావు అని. చెబుతాం అనలేదు, చెబుతావు అన్నారు. అలాగే కానివ్వండి, నేనే చెబుతాను.

"రేపు పొద్దున్న కాఫీలప్పుడు చెబుతానండి. వసారా కిటికీలో గులాబీల గ్లాసుంది కదా, దాంట్లో కాఫీ పోసుకుని, ఆవిడెదురుగా కూర్చుని తాగుతూ చెబుతాను."

స్కూటరు అద్దంలో ఆయన మొహం సగమే కనిపిస్తోంది, నవ్వారో బెదిరారో ఆ సగంలో తెలీలేదు. మూడో కిక్కుకి బండి అందుకుంది. గట్టెక్కి రోడ్డు మీదికొచ్చాం, రెండువైపులా కొబ్బరితోటలు, తుపాను తరవాత వేసిన మొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయి, కాయలు చేతికందే ఎత్తులో ఉన్నాయి, ఎక్కేవాళ్ళు అక్కర్లేకుండా. గుంత వచ్చినప్పుడల్లా బొడ్లో ముడి నడుముకి తగులుతోంది. ఆయన అలవాటుగా ఒక చెయ్యి దించి కాళ్ళ మధ్య సంచీ కోసం తడుముకున్నారు, సంచీ లేదు, చెయ్యి మళ్ళీ హేండిలు మీదికి తీసుకెళ్ళారు. నేను ముడి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. పెద్దదైతే కొంగులో పట్టేదే కాదు.